మన ఇంట్లో ఎన్ని రోజులున్నాయి?

ఈ వారం వీడియో అపరిగ్రహం మీద చేశాం. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం తర్వాత యోగసూత్రాలు చెప్పే ఐదో యమం అది. అవసరానికి మించి పోగేసుకోకపోవడం అని మామూలుగా అర్థం చెప్తాం. వీడియోలో ఒక ప్రశ్న మాత్రం కావాలనే వదిలేశాను, పన్నెండు నిమిషాల్లో తేలేది కాదు కాబట్టి. పోగేసుకోకూడదంటే మరి మన ఇళ్ళల్లో ఆవకాయ జాడీ ఏంటి? ఏడాదికి సరిపడా ఉప్పేసి తొక్కిన చింతపండు, అటక మీద వడియాల డబ్బా, మూల బియ్యం బస్తా, ఇవన్నీ ఏంటి? మన అమ్మమ్మలు, నానమ్మలు అపరిగ్రహం తప్పినట్టా?

భాగవతం పదకొండో స్కంధంలో ఒక అవధూత యదు మహారాజుకి తన ఇరవై నలుగురు గురువుల గురించి చెప్తాడు. అందులో తేనెటీగ ఒకటి. దాని దగ్గర ఆయన నేర్చుకున్నవి రెండు. ప్రతి పువ్వు దగ్గరా కొంచెం కొంచెమే తీసుకోవాలి. రెండోది, కూడబెట్టకూడదు; కూడబెట్టిన ఈగ ఆ తేనెతో పాటు తానూ పోతుంది. సాయంత్రానికని, రేపటికని కూడా దాచుకోవద్దంటాడు. చాలా గట్టి మాట. కానీ అది ఎవరికి చెప్పిన మాటో చూడాలి కదా. భిక్ష మీద బతికే సన్యాసికి. దాన్ని తీసుకొచ్చి ఇద్దరు పిల్లలు, బీపీ మాత్రలు వేసుకునే నాన్న ఉన్న ఇంటికి అప్లై చేస్తే అది వైరాగ్యం కాదు, బాధ్యత ఎగ్గొట్టడం. పైగా సన్యాసి రేపటికి దాచుకోకుండా ఉండగలిగాడంటే, ఊళ్ళో ఎవరో ఒక గృహస్థు ఇంట్లో గింజలు ఉన్నాయి కాబట్టే. నెల మొదట్లో జీతం పడే మనమంతా ఈ రెండో వర్గం.

మరి గృహస్థుకి ఎంత ఉండాలి? దీనికి ధర్మశాస్త్రంలో ఒక లెక్క ఉంది, నాకు చాలా ఇష్టమైన లెక్క. మనుస్మృతి నాలుగో అధ్యాయంలో వస్తుంది, యాజ్ఞవల్క్య స్మృతిలో కూడా ఉంది. (మనుస్మృతి పేరు వినగానే మొదలయ్యే గొడవలు నాకు తెలుసు. అందులో ఈ కాలంలో ఒప్పుకోలేనివి ఉన్నాయి, వాటిని వెనకేసుకురావడం నా పని కాదు. ఈ లెక్క కూడా అక్కడ బ్రాహ్మణ గృహస్థుని ఉద్దేశించి చెప్పిందే. ఆలోచన మాత్రం ఎవరింటికైనా పనికొస్తుంది.) ఇంట్లో ఉన్న ధాన్యాన్ని బట్టి గృహస్థులు నాలుగు రకాలు. కుసూలధాన్యకుడు, అంటే గాదె నిండా ధాన్యం ఉన్నవాడు. కుంభీధాన్యకుడు, కుండ నిండా ఉన్నవాడు. మూడోవాడి ఇంట్లో మూడు రోజులకి సరిపడా ఉంటుంది. నాలుగోవాడు అశ్వస్తనికుడు. శ్వః అంటే రేపు. రేపటికి ఏమీ లేనివాడన్నమాట. ఒకరి కంటే తర్వాతివాడు మెరుగు అని కూడా చెప్తారు.

ఇందులో నాకు నచ్చింది కొలమానం. రూపాయల్లో లేదు, ఎకరాల్లో లేదు, రోజుల్లో ఉంది. గాదె అంటే ఎన్నాళ్ళ తిండి అన్న దగ్గర వ్యాఖ్యాతలు తలో మాట అన్నారు, కొందరు మూడేళ్ళ దాకా వెళ్ళారు. ఎంతైనా గానీ అది తిండే, తినేవాళ్ళని బట్టి వేసిన లెక్కే. ఇంకో సంగతి. గాదె ఉన్నవాడిని తప్పుబట్టలేదు, కానీ గాదె దాటాక ఐదో రకం గృహస్థు లేడు. హద్దు అక్కడితో అయిపోయింది. అపరిగ్రహానికీ ఆవకాయ జాడీకీ గొడవ లేదని నేను అనేది ఇందుకే. జాడీకి ఒక హద్దు ఉంది: వచ్చే వేసవిలో మళ్ళీ కాయ వచ్చేదాకా.

ఇప్పుడు ఇదే కొలత మన ఫ్లాట్లకి పెట్టి చూడండి. నేను చూసిన ఇళ్ళల్లో మూడు బ్లూటూత్ స్పీకర్లు ఉంటాయి, పనిచేసే టార్చ్ ఉండదు. ఎనిమిది జతల బూట్లు ఉంటాయి, అగ్గిపెట్టె ఉండదు, స్టవ్‌కి ఆటో ఇగ్నిషన్ ఉంది కదా అని. అల్మరా తలుపు తీస్తే బట్టలు మీద పడతాయి, వంటింట్లో పప్పు డబ్బా మాత్రం అడుగు కనిపిస్తుంటుంది. వస్తువుల్లో గాదెని మించిపోయాం, రోజుల్లో అశ్వస్తనికులం. ఆ నాలుగోవాడికి ఉన్న వైరాగ్యం మాత్రం మనకి లేదు.

మన గాదె ఎక్కడికి పోయింది? రెండు కిలోమీటర్ల అవతల ఎవరిదో డార్క్ స్టోర్‌లో ఉంది. దాని తాళంచెవి కూడా మన చేతిలో లేదు, ఒక యాప్ ఉంది. పది నిమిషాల్లో వస్తుంది కదా, ఇంట్లో పెట్టుకోవడం దేనికి అంటారు. వానలో కూడా వస్తుంది, నిజమే. ఎలా వస్తుందో ఒకసారి బాల్కనీ లోంచి చూడండి. మన ఇంట్లో అరకేజీ కందిపప్పు లేకపోవడం వల్ల ఒక కుర్రాడు మోకాలి లోతు నీళ్ళలో, మ్యాన్‌హోల్ ఎక్కడుందో తెలియని రోడ్డు మీద బండి నెట్టుకుంటూ వస్తాడు. జడివానలో పప్పు ఆర్డర్ పెట్టడం నా దృష్టిలో సౌకర్యం కాదు. ఇది ధర్మానికి సంబంధించిన విషయం, సరదాకి అనట్లేదు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి: ఏ ఒక్కటి ఆగితే మొత్తం ఆగిపోతుందో అది. 2024 జులై 19న ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తేడా కొట్టి ప్రపంచమంతా కంప్యూటర్లు నీలం తెరలు చూపిస్తే, మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. 2025 ఏప్రిల్ 12న యూపీఐ కొన్ని గంటలు మొరాయించింది. జేబులో వంద నోటు లేనివాళ్ళు టీ కొట్టు దగ్గర కూడా నిలబడిపోయే పరిస్థితి. అవి గంటల్లో సర్దుకున్నాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు రోజులు పట్టింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు లేవు, పాలకీ పెట్రోలుకీ క్యూలు.

అపార్ట్‌మెంట్ లో కరెంటు పోవడం అంటే దీపం పోవడం ఒక్కటే కాదు. మోటారు ఆగుతుంది, పై ట్యాంక్ ఖాళీ అవుతుంది, బాత్రూంలో నీళ్ళు రావు. ఆర్‌ఓ మెషీన్ ఆగుతుంది, తాగే నీళ్ళు ఉండవు. ఇండక్షన్ స్టవ్ ఆగుతుంది. లిఫ్ట్ ఆగుతుంది, ఐదో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ కిందకి రాలేదు. జనరేటర్ ఉందిగా అంటారు. డీజిల్ ఉన్నంతసేపు ఉంది. పల్లెలో బావి, కట్టెల పొయ్యి, దీపం ఒకదాని మీద ఒకటి ఆధారపడవు. ఒకటి పోయినా మిగతావి ఉంటాయి. మనం అన్నిటినీ ఒకే తీగకి కట్టేశాం.

సరే, ఎంత పెట్టుకోవాలి? నా లెక్క ఇది: నీళ్ళు మూడు రోజులు, తిండి పదిహేను రోజులు. కుండకీ మూడు రోజులకీ మధ్యలో ఎక్కడో.

నీళ్ళ లెక్క సులువు. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి సుమారు మూడు లీటర్లు. నలుగురికి మూడు రోజులంటే 36 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు రెండు. స్నానం, శుభ్రం అన్నీ కలిపితే విపత్తు శిబిరాల్లో కూడా మనిషికి రోజుకి 15 లీటర్లు కనీసం ఉండాలని అంతర్జాతీయ స్ఫియర్ ప్రమాణం. అందుకే తుఫాను హెచ్చరిక వినగానే బిందెలు, బకెట్లు అన్నీ నింపుకోవడం మొదటి పని. ఇత్తడి బిందె ఒకటి ఇంట్లో అలంకారానికి పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. దాంట్లో పువ్వులు తీసేస్తే అదీ బిందే.

తిండి దగ్గర మన వంటిల్లు మనకంటే తెలివైంది. నలుగురికి రోజుకి కేజీ బియ్యం వేసుకుంటే పదిహేను కేజీలు. కందిపప్పు, పెసరపప్పు కలిపి మూడు నాలుగు కేజీలు. ఉప్పు, నూనె, చింతపండు, ఎండుమిర్చి, బెల్లం. కూరగాయలు దొరకని రోజులకి ఒరుగులు, వడియాలు, ఊరమిరపకాయలు. వేసవి ఎండని డబ్బాలో పెట్టుకుని వానాకాలంలో తినడం అన్నమాట. ఫ్రిజ్ లేని రోజుల్లో కనిపెట్టినవి కాబట్టి ఫ్రిజ్ ఆగిపోయినా వీటికి ఏమీ కాదు. పురుగు పట్టకుండా బియ్యంలో వేపాకు, పప్పులకి కాస్త ఆముదం పట్టించి ఎండబెట్టడం ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే చేసి చూపిస్తారు. పాతది ముందు వాడి, కొత్తది వెనక పెట్టడం ఒక్కటే నియమం. పాత బియ్యం అంటే ఎక్కువ డబ్బిచ్చి మరీ కొనుక్కునే జాతి మనది, ఇది మనకి కష్టం కాదు.

పొయ్యి వెలిగించలేని రోజుకి అటుకులు, మరమరాలు, పుట్నాలు, పల్లీలు, బెల్లం. అటుకుల మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది. కుచేలుడు ద్వారకకి పట్టుకెళ్ళింది అవే కదా. ఇంట్లో ఏమీ లేకపోతే ఆయన భార్య ఇరుగుపొరుగు దగ్గర అడిగి తెచ్చిన నాలుగు గుప్పెళ్ళు. నీళ్ళు చల్లితే మెత్తబడే తిండి, దారిలో పాడవనిది. ఆ కథలో భక్తి గురించి ఎన్ని ఉపన్యాసాలైనా విన్నాం. అడిగితే నాలుగు గుప్పెళ్ళు ఇవ్వగల పక్కిల్లు ఉండటం గురించి ఎవరూ చెప్పగా వినలేదు.

కింది అంతస్తుల్లో ఉన్నవాళ్ళకి ఒక మాట. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. పడవలు, హెలికాప్టర్లు, చివరికి డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపాల్సి వచ్చింది. నీళ్ళు నడుము దాకా వచ్చే చోట, నేల మీద పెట్టిన బస్తా ఉన్నా లేనట్టే. మూతలు బిగించిన డబ్బాల్లో, అటక మీద పెట్టండి. సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు కూడా ప్లాస్టిక్ కవర్‌లో అక్కడే. డిజీలాకర్‌లో ఉన్నా సరే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రోజూ మందులు వాడేవాళ్ళకి పదిహేను రోజుల మందులు అదనంగా. వంద, యాభై నోట్లలో రెండు మూడు వేలు. నలుగురి ఫోన్ నంబర్లు కాగితం మీద. అమ్మ నంబర్ కూడా గుర్తులేని తరం మనది. టార్చ్, పవర్ బ్యాంక్. దీపానికి మాత్రం కొత్తగా ఏమీ కొనక్కర్లేదు, పూజగది ఉన్న ఇంట్లో ఎమర్జెన్సీ కిట్ సగం ఉన్నట్టే: ప్రమిద, వత్తులు, నువ్వుల నూనె, అగ్గిపెట్టె, నీళ్ళ చెంబు, పసుపు. కరెంటుతో పనిలేని వెలుగు రోజుకి రెండుసార్లు వెలిగించి చూసుకుంటున్నాం. బ్యాకప్ ఉందని చెప్పి ఎప్పుడూ రిస్టోర్ చేసి చూడని టీమ్‌ల కంటే ఇది నయం. కర్టెన్లకి దూరంగా పెట్టండి, గ్యాస్ వాసన వస్తే మాత్రం అస్సలు వెలిగించకండి.

ఇదంతా చదివి ఎవరైనా ఆన్‌లైన్‌లో సర్వైవల్ కిట్ అని కొట్టి, పారాకార్డ్ బ్రేస్‌లెట్, మడత గొడ్డలి కార్ట్‌లో వేసుకుంటారేమో, దయచేసి ఆగండి. అది కూడా షాపింగే. భయాన్ని అమ్మేవాళ్ళకీ ఆనందాన్ని అమ్మేవాళ్ళకీ గోడౌన్ ఒకటే. ఏదైనా కొనే ముందు నేను ఒకటి అడుగుతాను: ఇది ఇంటికి ఎన్ని రోజులు కలుపుతుంది? మూత ఉన్న స్టీల్ డబ్బా కలుపుతుంది. రెండో గ్యాస్ సిలిండర్ కలుపుతుంది. నాలుగో స్పీకర్ సున్నా. సున్నా వచ్చినవి అన్నీ మానేయమని కాదు, వీణ కూడా సున్నానే, మంచి పుస్తకం కూడా సున్నానే. కానీ సున్నా అని తెలిసి కొనడం వేరు, ఆఫర్ రేపటితో అయిపోతుందని కొనడం వేరు. ఈఎంఐ కట్టే వస్తువైతే లెక్క సున్నా కంటే కిందకి పోతుంది, ఎందుకంటే జీతం ఆగిన నెలలో అది ఇంట్లోంచి రోజులు పట్టుకుపోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను, ఈ రోజులు ఎవరి కోసం? ఇక్కడే మన సంప్రదాయం పాశ్చాత్య వీడియోల్లో చూసే బంకర్ మనుషుల దారి నుంచి విడిపోతుంది. అక్కడ తలుపు మూసుకోవడానికి సిద్ధపడతారు. గృహస్థుకి చెప్పిన పంచమహాయజ్ఞాల్లో ఒకటి మనుష్యయజ్ఞం, అంటే అతిథిపూజ. ఇంకొకటి భూతయజ్ఞం, కాకికీ కుక్కకీ కూడా పెట్టడం. అతిథి అన్న మాటకి పెద్దలు చెప్పే అర్థం చూడండి, తిథి లేకుండా వచ్చేవాడు. ముందే చెప్పి వచ్చేవాడు అతిథి కాదు, అపాయింట్‌మెంట్. చెప్పకుండా వచ్చేవాడికి పెట్టగలగాలంటే ఇంట్లో ఎప్పుడూ కాస్త ఎక్కువ ఉండాలి. తనకోసమే వండుకునేవాడు పాపాన్నే తింటున్నాడని గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు అన్నది కూడా ఈ ధోరణిలోదే.

అక్షయపాత్ర కథ అందరికీ తెలుసు, కానీ ధర్మరాజు దాన్ని ఎందుకు కోరాడో మర్చిపోతాం. అరణ్యవాసానికి బయల్దేరితే బ్రాహ్మణులు వెంట వచ్చేశారు. వాళ్ళకి ఏం పెట్టాలి అన్నది ఆయన బాధ. ధౌమ్యుడు చెప్తే సూర్యుణ్ణి ప్రార్థించాడు, పాత్ర దొరికింది. దానికీ ఒక హద్దు ఉంది. అందరూ తిన్నాక ద్రౌపది తింటుంది, ఆమె తిన్నాక ఆ రోజుకి పాత్ర ఖాళీ. మిగిల్చి అమ్ముకోవడానికి, రేపటికి పోగెయ్యడానికి వీల్లేని డిజైన్.

ఆ పాత్ర దొరికింది అక్షయ తృతీయ నాడే అని జనం చెప్పుకుంటారు. ఆ రోజు ఇప్పుడు ఏమైందో మీకు తెలుసు: బంగారం షాపు ముందు క్యూ, తరుగు మీద డిస్కౌంట్, పేపర్ నిండా ప్రకటనలు. అసలు వైశాఖ మాసపు దానాలు ఏంటో చూడండి. నీళ్ళ కుండ, విసనకర్ర, గొడుగు, చెప్పులు, మజ్జిగ. వడగాలులు కొట్టే నెలలో, నడిచి వెళ్ళేవాడికి ఏం కావాలో అవి. వరుసగా చదివితే పంచాంగంలా ఉండదు, హీట్ వేవ్ యాక్షన్ ప్లాన్‌లా ఉంటుంది. మన ఊళ్ళల్లో వేసవిలో వెలిసే చలివేంద్రాలు ఆ జాబితాలో బతికున్న ముక్క. తరగనిది అక్షయం. మనం దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేది అనుకుంటున్నాం.

2020 మార్చిలో లాక్‌డౌన్ మాట వినగానే సూపర్‌మార్కెట్లలో అరలు ఖాళీ అయ్యాయి, గుర్తుందా. ఆ రోజు బండి నిండా తోసుకెళ్ళినవాడు సిద్ధంగా ఉన్నవాడు కాదు, సిద్ధంగా లేనివాడు. అంతకుముందే మామూలు రోజుల్లో నెలకో కేజీ చొప్పున పక్కన పెట్టుకున్న ఇల్లు ఆ రోజు క్యూలోకి రాదు. ఆ ఇల్లు వదిలిన చోట రోజుకూలీ చేసుకునేవాడికి, ఆ పూటకే కొనుక్కోగలిగేవాడికి ఒక కేజీ బియ్యం మిగులుతుంది. అందుకే పదిహేను రోజులు అన్నప్పుడు ఒక్కసారి వెళ్ళి కొనెయ్యమని కాదు. నెల సరుకుల చీటీలో ప్రతి నెలా ఒకటి రెండు ఎక్కువ రాయండి, నాలుగైదు నెలల్లో అదే నిండుతుంది. నిండాక ఆగిపోండి. హద్దు దాటి మిగిలింది గుడి అన్నదానానికో, మీ ఇంట్లో పనిచేసే అక్కకో.

ఇంకొకటి చెయ్యొచ్చు. ఏకాదశి నెలకి రెండుసార్లు వస్తుంది. వంట లేకుండా, తక్కువతో ఒక రోజు గడపగలమని శరీరానికి గుర్తుచేసే రోజు; చాలామంది ఇళ్ళల్లో అది సగ్గుబియ్యం కిచిడీ పండగైపోయింది, అది వేరే సంగతి. వచ్చే ఏకాదశి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఇంట్లో మెయిన్ స్విచ్ కట్టేసి చూడండి. ముసలివాళ్ళు, పసిపిల్లలు, ఆక్సిజన్ మెషీన్ లాంటివి వాడేవాళ్ళు ఉంటే వద్దు, లైట్లు, వైఫై వరకు చాలు. దీపం పెట్టుకుని విష్ణు సహస్రనామం చదువుకోండి. ఫోన్‌లో చూసి చదివేవాళ్ళు పుస్తకం ఎక్కడుందో ముందే వెతికిపెట్టుకోండి. టార్చ్ చేతికి అందిందా, నీళ్ళు ఎన్ని ఉన్నాయి, అగ్గిపెట్టె పొడిగా ఉందా, అన్నీ ఆ మూడు గంటల్లోనే తెలిసిపోతాయి. మధ్యలో ఒకసారి మెట్లు ఎక్కి ఆ ఐదో అంతస్తు పెద్దావిడ తలుపు కొట్టి రండి. ఆవిడ ఫోన్ నంబర్ కాగితం మీద రాసుకుని తెచ్చుకోండి, మీది ఆవిడ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టి రండి.